అరకు రైలు, రెండు నిమిషాల జవాబు

కిరండూల్ పాసింజరు పొద్దున ఏడు కాకముందే విశాఖపట్నం స్టేషన్ నుంచి బయల్దేరుతుంది. అరకు చేరేసరికి పదకొండు దగ్గర పడుతుంది. కారులో అయితే ఇంకా ముందే చేరొచ్చు, అయినా నేను రైలే ఎక్కాను. విదేశాల్లో చదువుకో ఉద్యోగానికో వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో, మాట్లాడే భాగమైన స్పీకింగ్‌లో ‘గుర్తుండిపోయిన ఒక ప్రయాణం గురించి చెప్పండి’ అన్న కార్డు చేతికి వస్తే మనవైపు పిల్లల్లో చాలామంది ఈ అరకు ప్రయాణాన్నే ఎత్తుకుంటారు. ఎంచుకోవడంలో తప్పేమీ లేదు, చెప్పేతీరులోనే జవాబు పాడవుతుంది. అందుకని ఈసారి ఆ కార్డును మనసులో పెట్టుకుని, కిటికీలోంచి కనిపించేవాటిలో ఏది రెండు నిమిషాల జవాబులో నిలబడుతుంది, ఏది నిలబడదు అని చూసుకుంటూ వెళ్ళాను.

ముందు పరీక్ష సంగతి. స్పీకింగ్ మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. అందులో రెండో భాగం ఈ కార్డు. ఎగ్జామినర్ కార్డుతోపాటు కాగితం, పెన్సిలు ఇస్తారు. ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషం ఉంటుంది. ఆ తర్వాత ఒకటి నుంచి రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడాలి. ఎక్కడికి వెళ్ళారు, ఎలా వెళ్ళారు, ఎవరితో వెళ్ళారు, ఎందుకు గుర్తుండిపోయింది అని కార్డు మీద నాలుగు అంశాలుంటాయి. నాలుగింటికీ సమానంగా సమయం పంచాలన్న నియమమేమీ లేదు. మొదటి మూడింటికి తలా ఒకటి రెండు వాక్యాలు చాలు. అసలు జవాబంతా నాలుగోదానిలోనే ఉంది.

రైలు విశాఖ దాటి పెందుర్తి, కొత్తవలస మీదుగా వెళ్తుంది. కొత్తవలసలో కిరండూల్ లైను విడిపోతుంది. అక్కణ్ణుంచి శృంగవరపుకోట దాకా పొలాలు, తాటిచెట్లు, దూరంగా నీలంగా కొండలు. చూడ్డానికి హాయిగానే ఉంటుంది కానీ పరీక్షలో చెప్పుకోవడానికి ఏమీ లేదు. చాలా జవాబులు మునిగిపోయేది సరిగ్గా ఈ ముక్కలోనే. నాలుగింటికి లేచాం, ఆటో ఎక్కాం, స్టేషన్‌కి వెళ్ళాం, టికెట్ తీసుకున్నాం, టిఫిన్ తిన్నాం అంటూ రైలు కొత్తవలస దాటకముందే నలభై సెకన్లు అయిపోతాయి. వాక్యాలన్నీ ఒకే అచ్చులో ఉంటాయి, మాటలు మూడో తరగతి పిల్లవాడివి. ఇక్కడ తప్పు భాషది కాదు, ఎంచుకున్న ముక్కది. పళ్ళు తోముకోవడం గురించి ఎంత పెద్ద పండితుడైనా గొప్ప ఇంగ్లీషులో చెప్పలేడు.

బొడ్డవర దాటాక రైలు కొండదారి ఎక్కడం మొదలుపెడుతుంది. జవాబు కూడా ఇక్కణ్ణుంచే మొదలవ్వాలి. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు అని స్టేషన్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. రైలు వేగం తగ్గి, చక్రాలు పట్టాల మీద బిగబట్టి లాగుతున్నట్టు చప్పుడు మారుతుంది. ఈ దారిలో 58 సొరంగాలు, 84 వంతెనలు ఉన్నాయని అందరూ చెబుతారు. పరీక్షలో ఆ లెక్క ఒప్పజెప్పక్కర్లేదు, ‘మోర్ దాన్ ఫిఫ్టీ టనల్స్’ అంటే సరిపోతుంది. అంకెకి మార్కులు రావు. ఒక్క సొరంగాన్ని లోపలినుంచి చూపించగలిగితే వస్తాయి.

సొరంగంలోకి వెళ్ళేటప్పుడు ఏమవుతుందో నిదానంగా చూశాను. ముందు పెట్టెల్లోంచి పిల్లల కేకలు వినిపిస్తాయి, అంటే ఇంజను అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత మన పెట్టెలో వెలుతురు ఒక చివర నుంచి ఇంకో చివరకి జరుగుతూ ఆరిపోతుంది. గాలి ఒక్కసారిగా చల్లబడుతుంది, తడిసిన రాతి వాసన వస్తుంది. చక్రాల చప్పుడు గోడలకి కొట్టుకుని రెట్టింపవుతుంది, పక్కనున్నవాళ్ళ మాట వినపడదు. చెయ్యి బయటపెట్టొద్దని తల్లులు అరుస్తుంటారు. బయటపడగానే ఎండ కళ్ళల్లో కొడుతుంది, పక్కనే లోయ, అడుగున ఎక్కడో చిన్న చిన్న ఇళ్ళు. ఇదంతా అరనిమిషం వ్యవహారం. కానీ చూపు, చప్పుడు, వాసన, చలి నాలుగూ ఇందులో ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో వాక్యం పెట్టినా ముప్పై నలభై సెకన్లు దానంతటదే నడుస్తుంది. పైగా ‘బ్యూటిఫుల్’, ‘నేచర్’, ‘ఎంజాయ్’ అనే మూడు మాటల మీదే బండి లాగాల్సిన అవసరం రాదు.

ఆ ఒక్క నిమిషంలో కాగితం మీద ఏం రాయాలి? వాక్యాలు రాయకూడదు. రెండు వాక్యాలు పూర్తయ్యేసరికి నిమిషం అయిపోతుంది, తర్వాత వాటిని చదవడం మొదలుపెడతారు, గొంతు చదువుడు గొంతైపోతుంది. ఎనిమిది నుంచి పది మాటలు చాలు: ‘డిసెంబర్, కజిన్స్, స్లో ట్రైన్, టనల్, డార్క్, కోల్డ్, చిల్డ్రన్ షౌటింగ్, వ్యాలీ, గ్రాండ్‌ఫాదర్, వై’. వరుస కూడా ముఖ్యమే, పైనుంచి కిందికి చూసుకుంటూ పోతే చాలేట్టు ఉండాలి. కాగితానికి మార్కులుండవు, చివర్లో వెనక్కి తీసేసుకుంటారు. తెలుగులో రాసుకున్నా అడిగేవారు లేరు. కాకపోతే మాట్లాడేటప్పుడు అక్కడికక్కడ అనువాదం చేసుకోవాల్సి వస్తుంది, మాట తడబడుతుంది.

కాలాల దగ్గర మనవాళ్ళు జారే చోటు ఒకటుంది. తెలుగులో కథ చెప్పేటప్పుడు ‘రైలు వెళ్తా ఉంటుంది, మేం కిటికీలోంచి చూస్తా ఉంటాం, ఇంతలో చీకటి’ అంటాం. జరిగిపోయిన సంగతే, కానీ వినేవాళ్ళని అక్కడ కూర్చోబెట్టడానికి అలా చెబుతాం. ఆ అలవాటు ఇంగ్లీషులోకి ‘వి ఆర్ గోయింగ్, వి ఆర్ సీయింగ్’ అని దిగిపోతుంది. మొదలు భూతకాలంలో, మధ్య వర్తమానంలో, చివర మళ్ళీ భూతకాలంలో అయితే వ్యాకరణం మార్కు అక్కడే పడిపోతుంది. జరిగింది చెప్పేటప్పుడు భూతకాలాన్నే గట్టిగా పట్టుకోవాలి. సాగుతున్న పనికీ తటాలున జరిగినదానికీ తేడా చూపించడానికి సొరంగం చక్కగా పనికొస్తుంది: ‘ఎవ్రీవన్ వజ్ టాకింగ్ లౌడ్లీ వెన్ ది ట్రైన్ ఎంటర్డ్ ది ఫస్ట్ టనల్.’ ఇప్పటికీ నిజమైనవాటికి మాత్రం వర్తమానం: రైలు పొద్దున్నే బయల్దేరుతుంది, అరకు తూర్పు కనుమల్లో ఉంది. ఈ రెండూ కలిపి వాడితే తెలిసి వాడుతున్నారని ఎగ్జామినర్‌కి అర్థమవుతుంది.

బొర్రా గుహలు స్టేషన్‌లో సగం పెట్టె ఖాళీ అవుతుంది. సున్నపురాయిలో నీళ్ళు వేల ఏళ్ళు కారి కారి, పైకప్పు నుంచి కిందికి వేలాడే రాళ్ళు, నేల నుంచి పైకి లేచే రాళ్ళు తయారయ్యాయి. ఆ రెండింటికీ ఇంగ్లీషులో విడివిడి శాస్త్రీయ నామాలున్నాయి, చాలామంది ఒకదానికొకటి మార్చి చెబుతారు. ఖాయంగా తెలియకపోతే వాటి జోలికి పోవద్దు. ‘స్టోన్స్ హ్యాంగింగ్ ఫ్రమ్ ది రూఫ్’ అన్నా బొమ్మ కళ్ళకు కడుతుంది. రాని మాటని చుట్టూ తిరిగి చెప్పగలగడం కూడా పదసంపద కిందే లెక్క. ఒక్కటే గుర్తుపెట్టుకోవాలి, రైలు గురించి చెబుతున్నప్పుడు గుహల్లోకి దిగితే మళ్ళీ బయటికి రావడానికి సమయముండదు. ఏదో ఒకటే ఎంచుకోవాలి.

ఆ తర్వాత కరకవలస, అదయ్యాక శిమిలిగుడ. సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తు. దేశంలో అన్నిటికంటే ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ అని దీనికి చాలాకాలం పేరుండేది. కాశ్మీర్ లైను వచ్చాక ఆ పేరు పోయింది. జవాబులో ఇది భలే పనికొచ్చే ముక్క, ఎందుకంటే ‘యూజ్డ్ టు బీ ది హైయెస్ట్’ అన్న వాక్యం సహజంగా వచ్చేస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు ద్వారా జపాన్‌కి పంపడానికి ఆ దేశం సహకారంతో 1960ల్లో ఈ లైను వేశారు. ఇప్పటికీ పొడుగాటి ఖనిజం బళ్ళు ఎదురవుతుంటాయి, వాటికి దారి ఇవ్వడానికి మన బండిని ఆపేస్తుంటారు. అలా ఆగినప్పుడే జామకాయలు, ఉడకబెట్టిన వేరుశనగకాయలు అమ్మేవాళ్ళు పెట్టెలోకి ఎక్కుతారు. ‘విచ్ వజ్ బిల్ట్ టు క్యారీ ఐరన్ ఓర్’ అని ఈ చరిత్రని ఒక్క ఉపవాక్యంలో ఇరికిస్తే చాలు. అంతకుమించితే పాఠం అవుతుంది.

అరకులో దిగాక గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట, కాఫీ మ్యూజియం అందరూ చూసేవే. జవాబులో వీటిని జాబితాగా చదవొద్దు. నవంబరు, డిసెంబరుల్లో వెళ్తే వలిసె పూల పొలాలు పసుపుపచ్చగా పరుచుకుని ఉంటాయి, వాటికి ఒక వాక్యం ఇవ్వొచ్చు. తిండి గురించి చెప్పాలనుకుంటే బొంగులో చికెన్‌కి మించింది లేదు. మసాలా పట్టించిన కోడిమాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతిని ఆకులతో మూసి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు, వెదురులోని తడితోనే ఉడుకుతుంది. పైన బొంగు నల్లగా మాడిపోతుంది, చీల్చితే లోపల ముక్కలు మెత్తగా, ఆవిరి కక్కుతూ ఉంటాయి. ‘ఈజ్ స్టఫ్డ్, ఈజ్ సీల్డ్, ఈజ్ రోస్టెడ్’ అని కర్మణి వాక్యాలు మూడు వరసగా, ఎక్కడా అతికించినట్టు లేకుండా వచ్చేస్తాయి.

ఉచ్చారణ గురించి రెండు మాటలు. తెలుగు యాసకి ఎవరూ మార్కులు కొయ్యరు, మాట అర్థంకాకపోతేనే కోస్తారు. ఈ ప్రయాణంలో దొర్లే మాటల్లోనే మూడు చిక్కులున్నాయి. జంట అక్షరం కనిపిస్తే మనం ఒత్తు పెట్టేస్తాం: ‘టన్నెల్’, ‘వ్యాల్లీ’. అనాల్సింది ‘టనల్’, ‘వ్యాలీ’. హల్లుతో ఆగాల్సిన మాటకి అచ్చు తగిలిస్తాం: ‘కేవు’, ‘బ్రిడ్జి’, ‘కోచి’. మూడోది అన్నిటికంటే ముఖ్యం. మనకి ఒకే ‘వ’ ఉంది, ఇంగ్లీషులో రెండున్నాయి. ‘వ్యాలీ’కి పైపళ్ళు కిందిపెదవికి తగలాలి, ‘విండో’కి, ‘వాటర్‌ఫాల్’కి పెదాలు గుండ్రంగా ముందుకు రావాలి. అద్దం ముందు నిలబడి ఈ మూడు మాటలూ వరసగా అంటే తేడా కంటికే కనిపిస్తుంది. ఇవి కాక, ‘సీనరీస్’ అనే బహువచనం లేదు, ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ తర్వాత ‘ఎస్’ చేర్చాలి, ‘రిటర్న్’ పక్కన ‘బ్యాక్’ అక్కర్లేదు, ‘కజిన్ బ్రదర్’ అనక్కర్లేదు, ‘కజిన్’ చాలు.

ఊరి పేర్లు ఎగ్జామినర్‌కి తెలియవని అనుకునే చెప్పాలి. ‘అరకు’ అని ఊరుకోకుండా, ‘అరకు, ఎ వ్యాలీ ఇన్ ది ఈస్టర్న్ ఘాట్స్, ఎబౌట్ ఫోర్ అవర్స్ బై ట్రైన్ ఫ్రమ్ విశాఖపట్నం’ అంటే పేరూ వివరమూ ఒకే ఊపులో అయిపోతాయి.

ఇక ఎందుకు గుర్తుండిపోయింది అన్న ప్రశ్న. దీనికి ముప్పై సెకన్లయినా మిగుల్చుకోవాలి. ‘చాలా ఎంజాయ్ చేశాం కాబట్టి’ అన్నది జవాబు కాదు. నా ఎదురు సీట్లో ఒక తాతగారు మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, సొరంగం రాబోయే ముందు ప్రతిసారీ వాడి చెవులు తన అరచేతులతో మూస్తున్నారు. కాసేపటికి వాడే ఆయన చేతులు తీసుకుని చెవుల మీద పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఇలాంటిది ఒక్కటి చెప్పి, ఫోను సిగ్నల్ లేని ఆ నాలుగైదు స్టేషన్ల మధ్య పెట్టెలోని జనం ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకున్నారో కలిపితే, కారణం విడిగా చెప్పకపోయినా తెలిసిపోతుంది. అరువు తెచ్చుకున్న జవాబులో ఇలాంటి వివరం ఉండదు. కంఠతా పట్టింది గొంతులోనే దొరికిపోతుంది, తర్వాత అడిగే చిన్న ప్రశ్నకి నోరు పెగలదు.

రెండు నిమిషాలు కాగానే వాక్యం మధ్యలోనైనా ఆపేస్తారు. అది తప్పుకి శిక్ష కాదు, గడియారం పని. ఆ తర్వాత ‘మళ్ళీ వెళ్తారా?’ లాంటి ప్రశ్న ఒకటో రెండో వస్తుంది, ఒకటి రెండు వాక్యాల్లో తేల్చెయ్యాలి. అసలు కసరత్తు మూడో భాగం, నాలుగైదు నిమిషాలు. పర్యాటకం వల్ల ఊళ్ళకి మేలా కీడా, జనం ఎందుకు ప్రయాణాలు చేస్తారు అని అడుగుతారు. ఇక్కడ ‘మా ప్రయాణంలో’ అంటూ పాత కథలోకి మళ్ళకూడదు, అందరికీ వర్తించేలా చెప్పాలి. దానికి సరుకు తిరుగు దారిలో దొరుకుతుంది. అనంతగిరి మీదుగా రోడ్డు దిగుతుంటే సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. పర్యాటకులు ఆ గింజలు కొంటే గిరిజన రైతుకి నాలుగు డబ్బులు. అదే మలుపుల్లో, వ్యూ పాయింట్ల దగ్గర ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ళ సీసాలు లోయలోకి జారిపోతుంటాయి. మేలూ కీడూ ఒకే రోడ్డు మీద ఉన్నాయి కాబట్టి, ‘ఆన్ ది వన్ హ్యాండ్’ తర్వాత ఏం చెప్పాలో వెతుక్కోవాల్సిన పని ఉండదు.