లువిల్యానోలో ఫెర్రూత్సి సమాధి దగ్గర

మా అత్తయ్య ఇటలీ వచ్చింది పాదువాలో సమాధి ఉన్న పునీత అంతోనివారి కోసం. మంగళవారం నవదిన ప్రార్థన మానని మనిషి. మిలాన్‌లో ఉద్యోగం చేస్తున్న మా మరిది టికెట్లు పంపగానే ఆమె అడిగిన మొదటి మాట, "పాదువా దగ్గరేనా?" అని. నాకు ఆ పాదువాకి కాస్త అవతల లువిల్యానో అనే పల్లె చూడాలని ఎప్పటినుంచో ఉంది. అక్కడ పుణ్యక్షేత్రమేమీ లేదు. ఒక చిత్రకారుడి సమాధి ఉంది, అంతే.

ఆయన వేసిన బొమ్మ మాత్రం కతోలికుల ఇళ్లలో చూడనివాళ్లు ఉండరు. తలకు గుడ్డ కట్టుకున్న చిన్నపిల్ల, ఆమె శాలువాలో దూరి, గుండెకు ఆనుకుని నిద్రపోతున్న పసివాడు. పిల్ల కళ్లు పైకి చూస్తుంటాయి. మా అత్తయ్య జపపుస్తకంలో చిన్న కార్డుగా ఉంది, మా పెళ్లికి వచ్చిన ఫ్రేముల్లో ఒకటి అదే, గుణదల తిరునాళ్లలో కొట్ల దగ్గర కూడా కనబడుతుంది. మరియతల్లి, బాలయేసు అనుకుని దండం పెట్టుకుంటాం. బొమ్మ పేరు మడొన్నీనా. వేసినాయన రొబెర్తో ఫెర్రూత్సి. ఈ పేరు మా ఫాదర్లకు కూడా పెద్దగా తెలియదు.

ముందు అంతోనివారి సంగతి. పాదువాలో ఆయన గుడిని పేరు పెట్టి పిలవరు, "ఇల్ సాంతో" (ఆ పునీతుడు) అంటారు, అంతే చాలు. గుమ్మటాలూ సన్నటి గంటస్తంభాలూ చూసి అత్తయ్య "మసీదులా ఉందేంటే" అంది. లోపల ఎడమవైపు పాలరాతి శిల్పాల మధ్య సమాధి. జనం వరసలో వెళ్లి వెనకవైపు రాతిపలకకు అరచేయి ఆనించి నిలబడతారు. మాట్లాడరు, తొందరపెట్టరు. పక్కనే ఫోటోలు, ఉత్తరాలు: యాక్సిడెంట్‌లో నుజ్జయిన కార్లు, పుట్టిన పిల్లలు, ఆసుపత్రి మంచాలు. అత్తయ్య మా చిన్నాడి పదో తరగతి హాల్ టికెట్ జిరాక్స్ తెచ్చిందని అక్కడే తెలిసింది నాకు.

అంతోనివారు 1231 జూన్ 13న చనిపోయారు, ఏడాది తిరక్కముందే పోపు ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. 1263లో సమాధి తెరిస్తే నాలుక చెడకుండా ఉందట. గుడి వెనక భాగంలో, బంగారు పాత్రలో ఇప్పటికీ చూపిస్తారు. ఆయన పుట్టింది లిస్బన్‌లో అని చెప్తే అత్తయ్య నమ్మలేదు. "పాదువా పురి అంతోనివారు అని కదా పాడతాం, పోర్చుగల్ ఆయనెట్లా అవుతాడు?"

చిత్రకారుడు జ్యోత్తో 1305 ప్రాంతంలో గోడలనిండా చిత్రాలు వేసిన స్క్రొవెన్యీ చాపెల్ కూడా ఈ ఊళ్లోనే ఉంది. ముందుగా బుక్ చేసుకుని, గాజుగదిలో కాసేపు కూర్చుంటే, లోపల పావుగంట ఉండనిస్తారు. ప్రపంచంలో ఎక్కడెక్కడినుంచో కళాభిమానులు దానికోసం వస్తారు. అద్భుతం, కాదనను. కానీ అక్కడ చేతులు జోడించినవాళ్లు నాకు కనబడలేదు.

మర్నాడు లువిల్యానోకి మాతో ఒక సిస్టర్ వచ్చారు. గుంటూరు వైపు వారు, పాదువా దగ్గర వృద్ధుల ఆశ్రమంలో సేవ చేస్తున్నారు. ఇటాలియన్‌లో గడగడా మాట్లాడుతూ మధ్యలో "అయ్యో, రామ రామ" అంటుంటే నవ్వొచ్చింది. బస్సు పట్నం దాటగానే మైదానం మధ్యలో ఒక్కసారిగా కొండలు లేచాయి. యుగానియన్ కొండలంటారు, ఒకప్పటి అగ్నిపర్వతాలు. చుట్టుపక్కల అబానో, మోంతెగ్రొత్తో ఊళ్లలో వేడినీటి బుగ్గలు, మోకాళ్ల నొప్పులకు బురద పట్టీలు. అత్తయ్య కళ్లు మెరిశాయి. "ముందే చెప్పొచ్చు కదమ్మాయ్" అంది. బురద పట్టీకి ఎంతవుతుందో సిస్టర్ చెప్పాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఫెర్రూత్సి 1853లో అడ్రియాటిక్ సముద్రం అవతలి గట్టున, డాల్మేషియాలో సెబెనికో అనే ఊళ్లో పుట్టాడు. అప్పుడది ఆస్ట్రియా పాలనలో ఉండేది, ఇప్పుడు క్రొయేషియాలో షిబెనిక్. కుటుంబం ఇటాలియన్, తండ్రి లాయరు. కొడుకు మాత్రం బొమ్మల్లో పడ్డాడు, చాలావరకు సొంతంగానే నేర్చుకున్నాడు. ఆ కాలపు పాదువా, వెనిస్ చిత్రకారులు ఎండాకాలం ఈ కొండల్లోకి వచ్చేవాళ్లు. ఆయన వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు.

మడొన్నీనా వేసింది కూడా ఇక్కడే. కాన్వాసు మీద నూనె రంగులు. పిల్ల పేరు ఆంజెలీనా చాన్, పదకొండేళ్లు. చంకలో ఉన్నది కొడుకు కాదు, తమ్ముడు జొవాన్నీ. పెద్ద కుటుంబం, పిల్లలు బోలెడు. పెద్దపిల్లలు చిన్నవాళ్లను ఎత్తుకు తిరగడమే బాల్యం. ఫెర్రూత్సి చూసింది అదే, వేసిందీ అదే. తల వెనక వెలుగు చక్రం ఆయన పెట్టలేదు. మన దగ్గర దొరికే ప్రింట్లలో కనిపించే చక్రాలూ, నీలం ముసుగులూ తర్వాత అచ్చువేసినవాళ్లు తగిలించినవి. 1897లో వెనిస్ రెండో అంతర్జాతీయ ప్రదర్శనలో పెడితే జనానికి తెగ నచ్చింది. చూసినవాళ్లకు మరియమ్మే కనబడింది, ఇక ఎవరూ వెనక్కి తిరగలేదు. కార్డులు, కేలండర్లు, మంచాల తలాపున వేలాడదీసే పటాలు.

కళావిమర్శకులు ఈ బొమ్మను పట్టించుకోరు, తీపి ఎక్కువంటారు. నిజమే, కొంచెం ఎక్కువే. ఆ పైకి తిరిగిన కళ్లు నాకూ ఒక్కోసారి అతిగా అనిపిస్తాయి. చెయ్యి చూడండి కానీ. పిల్లాడి బరువంతా శాలువా కింద ఉన్న ఆ చేతుల మీదే ఉందని తెలుస్తుంది. ఎత్తుకుని ఎత్తుకుని అలవాటైనవాళ్లే అలా పట్టుకుంటారు. స్టూడియోలో కూర్చోబెట్టి నేర్పితే వచ్చేది కాదది.

అసలు పటం ఇప్పుడు ఎక్కడుందో లోకానికి తెలియదు. అమ్ముడుపోయింది, చేతులు మారింది, అమెరికా ధనవంతుడెవరో కొన్నాడంటారు, సముద్రంలో మునిగిందంటారు. కాబట్టి అసలు చిత్రం చూడాలని బయల్దేరేవాళ్లకు వెళ్లే చోటే లేదు. ప్రతి ప్రింటులోనూ రంగులు ఒక్కో రకంగా ఉంటాయి, ఏది సరైనదో సరిచూసుకునేందుకు మూలం లేదు.

లువిల్యానోలో బస్సు దిగితే పైన ఠీవిగా పదహారో శతాబ్దపు బిషప్పుల విడిది, విల్లా దెయ్ వెస్కోవి. టూరిస్టులు వచ్చేది దానికే. 2005లో దాని యజమానులు ఇటలీ వారసత్వ సంస్థకు దానమిచ్చారు, ఇప్పుడు టికెట్ కొని చూడొచ్చు. మేం వెళ్లలేదు, అత్తయ్య మెట్లు చూసి తల అడ్డంగా ఊపింది. అక్టోబరు కావడంతో ద్రాక్షతోటలు కోతలైపోయి ఎర్రబారుతున్నాయి. ఊరి శ్మశానం చిన్నది. రాళ్లమీద పోయినవాళ్ల ఫోటోలు అతికించి ఉన్నాయి, మన దగ్గర గోడలకు దండలేసి పెట్టుకునే ఫోటోల్లాంటివే. పూలకు నీళ్లు పోస్తున్న ఒక పెద్దావిడను సిస్టర్ అడిగితే, క్యాను చేత్తోనే పట్టుకుని వచ్చి ఫెర్రూత్సి సమాధి చూపించింది. 1934లో వెనిస్‌లో పోయాడు, ఇక్కడికి తెచ్చి భార్య పక్కన పెట్టారు. మేం ఇండియా నుంచి ఈయన కోసం వచ్చామని సిస్టర్ చెబితే ఆవిడ నమ్మనట్టే చూసింది. అత్తయ్య జపపుస్తకం తీసి కార్డు చూపించింది. అప్పుడు ఆవిడ అత్తయ్య బుగ్గ మీద తట్టింది. అత్తయ్యకు డెబ్బై దాటాయి. ఆమె బుగ్గ తట్టినవాళ్లను నేనింతవరకూ చూడలేదు.

అక్కడే గోడ పక్కన కూర్చుని ఆంజెలీనా సంగతి చెప్పాను. అంతవరకూ చెప్పలేదు, అత్తయ్య మనసు కష్టపెట్టుకుంటుందని. ఆ పిల్ల పెద్దదై ఆంతోనియో బోవో అనే ఆయన్ని పెళ్లాడి, ఇద్దరూ కాలిఫోర్నియా వెళ్లిపోయారు. పదిమంది పిల్లలు. భర్త చిన్న వయసులోనే చనిపోయాడు. పరాయి దేశం, భాష రాదు, డబ్బు లేదు. ఆమె మనసు తట్టుకోలేకపోయింది. మానసిక వైద్యశాలలో చేర్చారు, పిల్లలు అనాథాశ్రమం పాలయ్యారు. 1972లో చనిపోయేదాకా ఆమె ఆ ఆసుపత్రిలోనే. అంతకాలమూ ఆమె పదకొండేళ్ల ముఖం ప్రపంచమంతటా ఇళ్లల్లో దీపాలూ కొవ్వొత్తులూ అందుకుంటూనే ఉంది. తల్లి ఆ బొమ్మలో పిల్ల అని కన్యాస్త్రీ అయిన కూతురికి కూడా ఇటలీలో బంధువులు చెప్తేనే తెలిసిందట.

సిస్టర్ ఏదో అనబోయి ఊరుకున్నారు. బొమ్మలో ఉన్నది మరియతల్లి కాదని అత్తయ్య బాధపడుతుందని నేననుకున్నాను. ఆమె ధ్యాస అక్కడ లేదు.

"తమ్ముడేమయ్యాడు?" అంది.

"తెలియదత్తయ్యా."

"నేనూ మా సుబ్బిగాణ్ణి ఎత్తుకునే కలుపుకు వెళ్లేదాన్ని. గట్టు మీద పడుకోబెడితే చీమలు. చంక దిగేవాడు కాదు వెధవ." కాసేపాగి, "ఆ పిల్లకి పూజ చెప్పించారా ఎవరైనా?"

అది నాకు ఎప్పుడూ తట్టని ప్రశ్న. ఆ బొమ్మ ముందు మోకరించి ఎవరెవరికోసమో వేడుకున్నాం గానీ ఆ పిల్ల కోసం ఎవరం అడిగాం? అక్కడికక్కడే జపమాల తీసి పది మంగళవార్త జపాలు చెప్పుకున్నాం, అత్తయ్య తెలుగులో, సిస్టర్ ఇటాలియన్‌లో. బస్సు టైమవుతోందని నాకు టెన్షన్, వాళ్లిద్దరికీ ఏమీ లేదు.

సాయంత్రం మళ్లీ ఇల్ సాంతోకి వెళ్లాం, పూజ కానుకలు తీసుకునే గదికి. బల్ల వెనక ముసలి బ్రదర్ కళ్లజోడు సవరించుకుని కాగితం ముందుకు తోశారు. చనిపోయినవారి పేరు దగ్గర సిస్టర్ ఆంజెలీనా బోవో అని రాశారు. ఇండియా వాళ్లం, పేరేమో ఇటాలియన్. ఆయన తలెత్తి మమ్మల్ని చూసి ఏదో అడిగారు.

"మీ బంధువా అంటున్నారు" అన్నారు సిస్టర్.

అత్తయ్య కొంగు ముడి విప్పి నోటు తీస్తూ, "అవునని చెప్పు తల్లీ. యాభై ఏళ్లబట్టి మా ఇంట్లోనే ఉంది" అంది.