అసలు అమెరికన్ ఎప్పుడొస్తుంది?

“నువ్వు సరే, అసలు అమెరికన్ ఎప్పుడొస్తుంది?” అని అడిగారట ఊళ్లోవాళ్లు.

లంచ్‌లో మా టీమ్ పెద్దావిడ నవ్వుతూ చెప్తున్నారు. నల్లజాతి అమెరికన్. వయసులో ఉండగా అమెరికా ప్రభుత్వం వేరే దేశాలకు వాలంటీర్లను పంపే పీస్ కోర్ తరఫున ఘానా వెళ్లి రెండేళ్లు లెక్కలు చెప్పారట. తోడుగా దిగిన తెల్లమ్మాయి వెనకాల పిల్లలంతా పరుగు. ఈవిడేమో ఆ అమ్మాయికి దుబాసీ అనుకున్నారు!

తీరా నోరు విప్పి ఇంగ్లీషులో బేరమాడితే, సంతలో టమాటాలమ్మే ఆవిడ “ఒబ్రూనీ” అందట. అంటే తెల్లమనిషి, పరదేశి. “పుట్టి బుద్ధెరిగాక నన్ను తెల్లదన్నది ఆవిడొక్కతే” అంటూ పడీపడీ నవ్వారు.

1961లో పీస్ కోర్ మొదటి బృందం దిగింది ఘానాలోనే. అంతకు మూడేళ్ల ముందే న్యూయార్క్ హార్లెమ్‌లోని నల్లజాతి పాస్టర్ జేమ్స్ రాబిన్సన్ కుర్రాళ్లను ఆఫ్రికాకు పంపడం మొదలుపెట్టారు. పీస్ కోర్‌కు మూలం అదేనని అధ్యక్షుడు కెనెడీయే అన్నారు. నాకివాళే తెలిసింది.

నవ్వాను గానీ, ఈవిడ మా ఊళ్లో బస్సు దిగుంటే మనవాళ్లు ఏమనుండేవాళ్లో తలుచుకుంటే ముద్ద దిగలేదు.

ఆవిడ మాత్రం నా డబ్బాలో గోంగూర పచ్చడి రెండోసారి వేసుకుని, ఘానా మిరప పచ్చడి షిటో ఇంతకన్నా ఘాటంటున్నారు.