నెట్ ఇంగ్లీష్ ప్రిపరేషన్: ఒక ఐరిష్ కథ దగ్గర ఆగిపోయిన వారం

మూడో ప్రయత్నంలో యూజీసీ నెట్ (కాలేజీ టీచర్లకి అర్హత పరీక్ష) ఇంగ్లీష్ క్వాలిఫై అయ్యాను, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి మాత్రమే. పరిశోధనకిచ్చే ఫెలోషిప్ జేఆర్ఎఫ్ రాలేదు. స్ట్రాటజీ రాయమని చాలామంది అడుగుతున్నారు. టైమ్‌టేబుల్ ఎవరైనా ఇస్తారు కాబట్టి, నా చదువు పద్ధతి మారిపోయిన ఒక్క సంగతి చెప్తాను.

మొదటి రెండుసార్లూ ఒక కోచింగ్ సెంటర్ నోట్స్ బట్టీ పట్టాను. అందులో ఐరిష్ కథకుడు ఫ్రాంక్ ఓకానర్‌కి దక్కింది ఒకే లైను: కథ 'గెస్ట్స్ ఆఫ్ ది నేషన్', 1931, ఐరిష్ సివిల్ వార్ నేపథ్యం, థీమ్ స్నేహం వర్సెస్ డ్యూటీ. మాక్ టెస్ట్‌లో ధీమాగా సివిల్ వార్ అని పెట్టాను. తప్పు. కథ జరిగేది బ్రిటిష్ వాళ్ళతో 1919–21లో సాగిన స్వాతంత్ర్య యుద్ధంలో. సివిల్ వార్ 1922 జూన్‌లో మొదలైంది, అది ఐరిష్ వాళ్ళలో వాళ్ళకే. ఓకానర్ ఆ సివిల్ వార్‌లో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందాన్ని వ్యతిరేకించినవాళ్ళ వైపు ఉండి నిర్బంధంలోకి వెళ్ళాడు. నోట్స్ రాసినాయన రచయిత జీవితాన్ని తెచ్చి కథకి అతికించినట్టున్నాడు. సివిల్ వార్ కథ కావాలంటే లియామ్ ఓఫ్లాహెర్టీ 'ది స్నైపర్' చూడండి.

ఆ మంటలో అసలు కథ తీసి చదివాను. పట్టుమని పదిహేను పేజీలు ఉండదు. వారం రోజులు దాన్ని దాటి ముందుకు పోలేకపోయాను.

సెలవులకి నరసరావుపేట వెళ్ళినప్పుడు, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న అమ్మకి తెలుగులో చెప్పాను. బెల్చర్, హాకిన్స్ అని ఇద్దరు ఇంగ్లీష్ సిపాయిలు ఐఆర్ఏ (బ్రిటిష్ వాళ్ళతో పోరాడిన ఐరిష్ సేన) చేతిలో బందీలు. ఊరికి దూరంగా ఒక ముసలావిడ ఇంట్లో పెట్టారు. కాపలా బోనపార్ట్, నోబుల్. కథ చెప్పేది బోనపార్టే (పేరు చూసి ఫ్రెంచ్ వాడనుకోకండి, ఐరిష్ కుర్రాడే). సాయంత్రమైతే అందరూ కలిసి పేకాట. హాకిన్స్‌కి నోరెక్కువ, దేవుడు లేడంటూ రోజూ నోబుల్‌తో గొడవ. నోబుల్ అన్న పాదిరీ మరి! బెల్చర్ పెద్దగా మాట్లాడడు. ముసలావిడ వెనకాలే తిరుగుతూ కట్టెలు కొట్టిపెడతాడు, బకెట్లు మోస్తాడు. బందీలు వీళ్ళని 'చమ్' అని పిలుస్తారు, మన హాస్టళ్ళలో 'మామా' అనుకున్నట్టు. వింటూ వింటూ వీళ్ళకీ ఆ మాట అంటుకుంటుంది. ఎవరో ఇటలీ ప్రభువు జపాన్ గుళ్ళో విగ్రహం ఎత్తుకుపోబట్టే యుద్ధం వచ్చిందని ముసలావిడ నమ్మకం. అమ్మ ఈనె తీస్తూనే "అయ్యుండొచ్చు" అంది.

తర్వాత కబురొస్తుంది. అవతల బ్రిటిష్ వాళ్ళు నలుగురు ఐరిష్ కుర్రాళ్ళని కాల్చేశారు, ఒకడికి పదహారేళ్ళు. బదులుగా ఈ ఇద్దరినీ కాల్చాలి. అమ్మ చేతులు ఆగిపోయాయి. "కట్టెలు కొట్టిపెట్టినవాణ్ణి ఎట్లా చంపబుద్ధయిందే వాళ్ళకి?"

చంపబుద్ధి కాలేదు, అదే కథ. వాళ్ళు పారిపోతే బాగుండును, నేను మాత్రం కాల్చను అనుకుంటూ బోనపార్ట్ వాళ్ళతో నడుస్తాడు. వాళ్ళు పారిపోరు. ముందు హాకిన్స్. ఒక్క దెబ్బకి ప్రాణం పోదు. ఇంకోటి కాల్చమని బెల్చరే మెల్లగా చెప్తాడు. తన కళ్ళకి తానే చేతిరుమాలు కట్టుకోబోతే అది చాలదు. బోనపార్ట్ దగ్గర రుమాలు అడుగుతాడు. చంపడానికి తీసుకొచ్చినవాడు తన రుమాలు ఇస్తే, బెల్చరే రెండూ కలిపి ముడివేసుకుంటాడు. మేం డ్యూటీయే చేస్తున్నామని వీళ్ళ పైఅధికారి డోనొవన్ చెప్పుకోబోతే, డ్యూటీ అంటే ఏమిటో నాకెప్పుడూ అర్థం కాలేదు, మీరంతా మంచి కుర్రాళ్ళే అంటాడు బెల్చర్. 'స్నేహం వర్సెస్ డ్యూటీ' అని గీత గీసి రాసుకున్న నోట్స్‌లో ఈ మాటకి చోటెక్కడ? ఇక్కడ స్నేహమూ డ్యూటీయే. డోనొవన్ డ్యూటీలో మాత్రం సొంత కసి కూడా కొంత ఉందని నా అనుమానం.

ఆ వారం తర్వాత మిగతావి వాటంతట అవే ఈ కథ చుట్టూ చేరాయి. బందీగా ఇంగ్లీష్ సిపాయి ఉన్న బ్రెండన్ బీహన్ నాటకం 'ది హోస్టేజ్' (1958), ఈ కథ ఛాయలున్న నీల్ జోర్డన్ సినిమా 'ది క్రయింగ్ గేమ్' (1992), 1916 ఈస్టర్ తిరుగుబాటు మీద యేట్స్ పద్యం. ఐరిష్ నాటకకర్త షాన్ ఓకేసీ డబ్లిన్ నాటకాలు మూడూ (1923, 1924, 1926) ఏది ఏ గొడవ మీదో ఇక తడబడలేదు. అన్నట్టు మన వి.వి.గిరి గారు 1913–16లో డబ్లిన్‌లోనే లా చదివి, ఆ తిరుగుబాటు జరిగిన ఏడాదే తిరిగొచ్చారు. నాకు 1916 గుర్తుండిపోయింది ఆయన వల్లే.

పేపర్ 2లో (సబ్జెక్ట్ పేపర్) వంద ప్రశ్నలు, నెగటివ్ మార్కులు లేవు కాబట్టి అన్నీ పెట్టండి. కానీ ఒక్కో యూనిట్‌కి కనీసం ఒక టెక్స్ట్ అయినా మొత్తం చదవండి. అందరికీ ఉమ్మడిగా ఉండే పేపర్ 1కి పాత ప్రశ్నపత్రాలు చాలు.

పరీక్ష రాసి బయటికొచ్చి ఫోన్ చేస్తే, ఎలా రాశావని అడగకముందే అమ్మ "ఆ రుమాలు అబ్బాయి గురించి అడిగారా?" అంది.

అడగలేదు.