పేర్లు తీసేస్తే సరిపోతుందనుకున్నాం

నేను ఒక మొబైల్ కంపెనీలో డేటా విభాగం చూస్తాను. వరదలు వచ్చిన మూడో రోజున ఒక సహాయ సంస్థ మమ్మల్ని కాల్ రికార్డులు అడిగింది, అంటే మాటలు కాదు, ఏ ఫోను ఎప్పుడు ఏ టవర్ పరిధిలో ఉందో చెప్పే వివరాలు. ఇళ్లు విడిచిన జనం ఎటు వెళ్లారో తెలిస్తే నీళ్లు, మందులు అక్కడికే పంపుతామంది. అందులో వింతేమీ లేదు. 2010 హైతీ భూకంపం తర్వాత సుమారు 19 లక్షల సిమ్ కార్డుల కదలికలను బట్టి జనం ఎటు తరలిందీ పరిశోధకులు లెక్కగట్టారు. "పేర్లు, నంబర్లు తీసేసి ఇచ్చేయండి, అవతల మనుషులు నీళ్లలో ఉన్నారు" అన్నారు మా పై అధికారి.

తీసేశాం. ప్రతి నంబరు చోటా అర్థం లేని ఓ పొడవాటి కోడ్. పంపబోయే ముందు ఎందుకో అందులో నన్ను నేను వెతుక్కోవాలనిపించింది. రాత్రుళ్లు మా ఇంటి దగ్గరి టవర్ కింద ఉన్నవి వేలల్లో. వాటిలో పగలు ఆఫీసు టవర్‌కు వచ్చేవి కొన్ని వందలు. ఒక ఆదివారం రైల్వే స్టేషన్లో కనిపించినవి తొమ్మిది. అంతకు ముందు వారం ఆసుపత్రి దగ్గర ఆగింది ఒక్కటే. అది నేనే. ఆసుపత్రికి వెళ్లినట్టు ఇంట్లో కూడా చెప్పలేదు.

ఎక్కడ, ఎప్పుడు ఉన్నారన్న ఆనవాళ్లు నాలుగు దొరికితే చాలు, 95 శాతం మందిని విడదీసి గుర్తించవచ్చని 15 లక్షల మంది ఫోన్ల జాడలు పరిశీలించిన 2013 నాటి పరిశోధన చెప్పింది. అది ఎప్పుడో చదివాను. నా జాడ నాకే దొరికేదాకా తలకెక్కలేదు.

తర్వాతి రెండు రోజులు లీగల్ విభాగంతోనే సరిపోయింది, ఆ గోల ఇక్కడెందుకు. (అక్కడ జనం ఎదురుచూస్తూనే ఉన్నారు. ఆ ఆలస్యంలో నా పాలూ ఉంది.) చివరికి ఆ ఫైలు మా గడప దాటలేదు. లెక్కలు మా సర్వర్లోనే కట్టి, ఏ టవర్ పరిధి నుంచి ఎటు, రోజుకు ఎంతమంది కదిలారన్న మొత్తాలు మాత్రమే ఇచ్చాం. ఆ పట్టికలో 15 మంది కన్నా తక్కువున్న గడులను ఖాళీగా వదిలాం. ఈ వరద సహాయానికే వాడాలి, పని కాగానే చెరిపేయాలి, మరెవరి చేతికీ, ఏ ప్రభుత్వ శాఖకూ ఇవ్వకూడదు అని రాయించుకున్నాం.

ఇక నిశ్చింతే అనుకుంటుండగా ఆ సంస్థ నుంచి ఫోను.

"ఏటి ఒడ్డున మూడు గడులు ఖాళీగా ఉన్నాయండీ. అక్కడ మనుషులు లేరా, లేక మీరు దాచారా?"

దాచాం. సున్నాకూ, దాచినదానికీ ఒకే ఖాళీ పెట్టింది నేనే. మూడింటినీ ఒకే ప్రాంతంగా కలిపి మళ్లీ లెక్క కట్టాం. 31 ఫోన్లు. ఆ అంకె పంపేసరికి సాయంత్రమైంది.