చివరి అధ్యాయానికి పిన్ను

మన బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్లు అడిగారు. టెన్త్ ఫలితాల గురించి, ఆటల పోటీల గురించి మిగతావాళ్లు రాస్తారు. నాకు మాత్రం మన బడి అనగానే బెంచీల కింద చేతులు మారిన డిటెక్టివ్ నవలలే గుర్తొస్తాయి.

మూడో బెంచీది గూఢచారుల గుంపు. కిటికీ వరసంతా ప్రేమ కథలు. దెయ్యాల కథలు చదివేది ‘ధైర్యం’ ఒక్కడే. రాత్రిళ్లు హాస్టల్లో వాడి పక్కన పడుకున్నవాళ్లకి ఆ సంగతి బాగా తెలుసు.

‘పొడుగు’ దగ్గర నవల దొరికిన రోజు, సైన్సు మాస్టారు దాన్ని చింపేస్తారనే అనుకున్నాం. ఆయన ఇంటికి తీసుకెళ్లి, మర్నాడు చివరి అధ్యాయం పేజీలన్నీ కలిపి పిన్ను కొట్టి తెచ్చారు. “హంతకుడెవరో రాసివ్వండి. కారణం రాయకపోతే మార్కుల్లేవు” అన్నారు. ఎల్లరీ క్వీన్ పేరుతో 1929 నుంచి వచ్చిన తొలి నవలల్లో ముగింపుకి ముందు కథ ఆగిపోతుందట. ఆధారాలన్నీ మీకిచ్చేశాం, ఇక మీరే చెప్పండి అని పాఠకుణ్ణి సవాలు చేసే పేజీ ఒకటి వస్తుందట. ఆ క్లాసులోనే విన్నాం ఇదంతా.

అదే 1929లో రొనాల్డ్ నాక్స్ అనే క్రైస్తవ మతాచార్యుడు డిటెక్టివ్ కథలకి పది నియమాలు పెట్టాడు. మాస్టారు వాటిని బోర్డు మీద రాశారు. నేరస్థుడు కథ మొదట్లోనే కనబడాలి. డిటెక్టివే హంతకుడు కాకూడదు. రహస్య గది గానీ, రహస్య దారి గానీ ఒకటికి మించకూడదు. ముందుగా సూచన ఇవ్వకుండా కవలల్ని దింపకూడదు. అది రాయగానే క్లాసంతా ఎటు తిరిగిందో మీకు చెప్పక్కర్లేదు. పాపం, బడి వదిలేదాకా మన క్లాసు కవలలకి ఆ నియమం పేరు పోలేదు. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం వెంటనే పాఠకుడికీ చూపాలన్న నియమం కింద మాత్రం మాస్టారు రెండు గీతలు గీశారు. కాలక్షేపానికి రాసేవాడైనా చదివేవాణ్ణి మోసం చేయకూడదన్నారు. తేలిక పుస్తకాలకి అంత గౌరవమిచ్చిన పెద్దమనిషిని నేను మళ్లీ చూడలేదు.

తర్వాత కాలేజీలు, పెళ్లి, బదిలీలు. ఇప్పుడు ఆసుపత్రిలో అత్యవసర విభాగం నా చేతిలో ఉంది. జూనియర్లకి జబ్బు పేరు ముందు చెప్పను. లక్షణాలు, రిపోర్టులు అన్నీ వాళ్ల ముందు పెట్టి ఆగుతాను. కారణం చెప్పకుండా పేరు చెబితే ఒప్పుకోను. అలా నేర్చుకున్నవాళ్లు కొందరు ఇవాళ సొంతంగా విభాగాలు నడుపుతున్నారు. మాస్టారికి చూపించాలనిపిస్తుంది.

డ్యూటీ దిగాక ఇప్పటికీ డిటెక్టివ్ నవలే చదువుతాను, అదీ రక్తం పెద్దగా కనబడనిది. నలుగురైదుగురు అనుమానితులు, ఒక పాత ఇల్లు, తొందర లేని డిటెక్టివ్ ఉంటే చాలు. పేజీకో ఛేజింగ్ ఉండే థ్రిల్లర్లు నాకు పడవు, వార్డులో పడే టెన్షన్ చాలు. వార్డులో అన్నిటికీ జవాబు దొరకదు. ఎందుకిలా జరిగిందని బంధువులు అడిగితే ఒక్కోసారి చెప్పడానికేమీ ఉండదు. మంచి డిటెక్టివ్ నవల ఆ ప్రశ్నని చివరిదాకా మోసి, జవాబు చెప్పే వదులుతుంది. అందుకే నాకు నిద్ర పడుతుంది.

ప్రేమ కథల్లోనూ చివరికి అంతా సర్దుకుంటుంది కదా అని కిటికీ వరస వాదిస్తుంది, నాకు తెలుసు. కానీ అక్కడ ఎవరు ఎవర్ని చేసుకుంటారో రెండో పేజీలోనే తెలిసిపోతుంది! ఈ వాదన తేల్చుకోవడానికి కలిసిన రోజు స్టేజి మీద మాకో అరగంట ఇవ్వమని కమిటీకి నా మనవి.