రొట్టె కోసం ఉత్తరం రాసిన పోప్

ఏడో శతాబ్దపు పోప్ మొదటి మార్టిన్ గురించి ఎవరు చెప్పినా బైజాంటైన్ చక్రవర్తిని ఎదిరించిన ధైర్యం గురించే చెబుతారు. నన్ను కదిలించేవి మాత్రం ఆయన ఆఖరి రోజుల్లో క్రిమియాలోని ఖెర్సోన్ నుంచి రాసిన ఉత్తరాలు. ఇక్కడ రొట్టె గురించి మాట్లాడుకోవడం వినిపిస్తుందే తప్ప రొట్టె కనిపించదని, కాస్త ధాన్యం, ద్రాక్షారసం, నూనె పంపించమని అడుగుతారు. రోమ్ పీఠం మీద కూర్చున్న మనిషి ఆకలేస్తోందని ఉత్తరం రాసుకోవాల్సి వచ్చింది!

అసలు గొడవ క్రీస్తుకు ఉన్నది ఒకే చిత్తమా (అంటే సంకల్పమా), లేక దైవ చిత్తం, మానవ చిత్తం అని రెండు చిత్తాలా అని. ఇదేదో పండితుల వాదన అనిపిస్తుంది కానీ, గెత్సేమనే తోటలో యేసు 'నా ఇష్టం కాదు, నీ చిత్తమే' అని ప్రార్థించిన రాత్రిని తలుచుకోండి. ఆయనకు మనలాంటి మానవ చిత్తమే లేకపోతే ఆ రాత్రి భయం, ఆ విధేయత నిజమైనవి కావు. చక్రవర్తి రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లోని రాజభవనానికి ఈ బాధ లేదు. సిరియా, ఈజిప్టు ఒక్కొక్కటిగా అరబ్బుల చేతికి పోతున్నాయి, చీలిపోయిన క్రైస్తవుల్ని ఎలాగోలా కలపాలన్నదే వాళ్ల టెన్షన్. 638లో హెరాక్లియస్ చక్రవర్తి ఒకే చిత్తం అని శాసనం వేశాడు. 648లో ఆయన మనవడు, ఇరవై ఏళ్లు కూడా నిండని రెండో కాన్‌స్టాన్స్, ఒకటా రెండా అన్న మాటే ఎవరూ ఎత్తకూడదని ఇంకో శాసనం తెచ్చాడు. నా దృష్టిలో రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అది సత్యం గురించి అడగడాన్నే నేరం చేసింది.

మార్టిన్‌ది ఇటలీలోని తోది ఊరు. అంతకుముందు కాన్‌స్టాంటినోపుల్‌లో పోప్ ప్రతినిధిగా పనిచేశారు కాబట్టి అక్కడి మనుషులు ఎలాంటివాళ్లో ఆయనకు బాగా తెలుసు. అప్పట్లో కొత్త పోప్‌కు చక్రవర్తి ఆమోదం రావాలి. 649లో ఆయన దాని కోసం ఆగకుండానే అభిషేకం పొందారు, అదే అక్టోబరులో రోమ్‌లోని పోప్ ప్రధాన దేవాలయం లాతెరాన్‌లో 105 మంది బిషప్పులతో సభ పెట్టి రెండు శాసనాల్నీ ఖండించారు. రెండు చిత్తాల పక్షాన వాదించిన సన్యాసి పునీత మాక్సిమస్ కూడా అప్పుడు రోమ్‌లోనే ఉన్నారు.

మార్టిన్‌ను పట్టుకురమ్మని చక్రవర్తి మొదట పంపిన ఇటలీ పాలకుడు ఒలింపియస్ ఆ పని పూర్తి చేయకుండా తనే తిరుగుబాటు చేసి చనిపోయాడు. 653 జూన్‌లో అతని తర్వాతి పాలకుడు థియోడర్ కల్లియోపాస్ సైన్యంతో వచ్చాడు. అప్పటికే మార్టిన్ జబ్బుతో లాతెరాన్ గుడిలో బలిపీఠం ముందు మంచం మీద ఉన్నారు. అడ్డుపడటానికి జనం ఉన్నా, తన కోసం ఒక్కరి రక్తం కూడా చిందకూడదని ఆయనే లొంగిపోయారు. దారిలో నాక్సోస్ దీవి ప్రజలు తెచ్చిచ్చినవాటిని కాపలావాళ్లు లాక్కున్నారు.

కాన్‌స్టాంటినోపుల్‌లో నెలల తరబడి జైలు, ఆ తర్వాత డిసెంబరులో విచారణ. నిలబడలేకపోతే ఇద్దరు పట్టుకుని నిలబెట్టారు. నేరం రాజద్రోహం, ఒలింపియస్‌తో చేతులు కలిపాడని. ఆయన శాసనం గురించి నోరు విప్పబోతే, విశ్వాసం సంగతి ఇక్కడ ఎత్తొద్దన్నారు. సాక్షుల చేత సువార్తల మీద ప్రమాణం చేయిస్తుంటే, ప్రమాణం లేకుండానే చెప్పనివ్వండి, వాళ్ల ఆత్మలు పాడుచేయడం ఎందుకని ఆయన బతిమాలారు. తన మీద అబద్ధం చెప్పడానికి వచ్చినవాళ్ల గురించి ఈ మాట! తర్వాత పోప్ వస్త్రాలు ఊడబెరికి, మెడకు గొలుసు వేసి, కత్తి పట్టుకున్న మనిషిని ముందు నడిపిస్తూ వీధుల్లో తిప్పారు. మరణశయ్య మీదున్న కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ (అక్కడి ప్రధాన బిషప్) పౌల్, మార్టిన్‌కు వ్యతిరేక పక్షమే అయినా, ఇది కూడా దేవుడి ముందు నా పాపాల లెక్కలోకే వస్తుందని వాపోయి ప్రాణభిక్ష అడిగాడు కాబట్టి శిక్ష దేశబహిష్కారమైంది.

ఇక ఖెర్సోన్. ఆకలి కన్నా ఆయన్ని ఎక్కువ కాల్చింది రోమ్ మౌనం. నేను బతికున్నానో లేదో కూడా నా వాళ్లు కనుక్కోవడం లేదని రాశారు. 654 ఆగస్టులో, ఆయన ప్రాణాలతో ఉండగానే, రోమ్‌లో యూజీన్‌ను పోప్‌గా అభిషేకించారు. చక్రవర్తి ఒత్తిడి ఎంతటిదో ఊహించగలను, యూజీన్‌ను కూడా సంఘం పునీతుడిగానే గౌరవిస్తుంది, అయినా ఒక్క ఓడ ధాన్యం పంపడానికి ఏం అడ్డొచ్చిందని నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. మార్టిన్‌కు మాత్రం ఆ కోపం నిలవలేదు. అదే ఉత్తరంలో రోమ్ సంఘాన్ని, ముఖ్యంగా ఇప్పుడు దాన్ని నడిపిస్తున్న కాపరిని దేవుడు కాపాడాలని ప్రార్థించారు. 655 సెప్టెంబరు 16న చనిపోయారు. వేదసాక్షిగా గౌరవం పొందుతున్న పోప్‌లలో ఆయనే ఆఖరివారు.

680-81లో అదే కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన మహాసభ క్రీస్తుకు రెండు చిత్తాలని ఒప్పుకుంది, ఒకే చిత్తం అని రాసిన పాత పోప్ హొనోరియస్‌ను కూడా ఖండించింది. మన కతోలిక క్యాలెండర్‌లో మార్టిన్ స్మరణ ఏప్రిల్ 13. తపస్సు కాలంలోనో ఈస్టర్ వారంలోనో పడి చాలా ఏళ్లు చదవకుండానే దాటిపోతుంది, అందుకే మీ గురువుల్ని ముందే అడిగి ఆ రోజు పూజలో ఆయన పేరు చెప్పించండి.