మెక్లౌడ్ ట్రెయిల్ పట్టుకుని

కెనడాలోని కాల్గరీలో మా అమ్మాయి ఇంటికి వచ్చినప్పటి నుంచీ మెక్లౌడ్ ట్రెయిల్ మీదే తిరుగుతున్నాం. కూరగాయలకైనా అదే రోడ్డు, సినిమాకైనా అదే. "ఎవరయ్యా ఈ మెక్లౌడ్?" అని అల్లుణ్ణి అడిగితే, "ఎవరో పోలీసాయన మామయ్యా" అన్నాడు. ఏపీ స్పెషల్ పోలీసులో (ఏపీఎస్పీ) ముప్పై ఏళ్లు చేసి రిటైరైనవాణ్ణి, ఇక ఊరుకుంటానా? శనివారం పులిహోర కట్టించుకుని, ఆయన పేరున్న ఊరు ఫోర్ట్ మెక్లౌడ్‌కి బయల్దేరాం. దక్షిణంగా దాదాపు 165 కిలోమీటర్లు.

కారు దిగీ దిగగానే గాలి నా టోపీ ఎగరేసుకుపోయింది. అల్లుడు పాపం దాని వెంట పరుగు.

కర్ర దుంగల కోట. ఇది 1957లో కట్టిన నమూనా. అసలుది ఓల్డ్‌మాన్ నదిలో ఒక లంక మీద ఉండేదట.

జేమ్స్ మెక్లౌడ్ 1836లో స్కాట్లండ్‌లోని స్కై దీవిలో పుట్టి, చిన్నతనంలోనే కెనడా చేరాడు. లాయరు, మిలీషియా ఆఫీసరు కూడా. 1873లో నార్త్ వెస్ట్ మౌంటెడ్ పోలీసులో, అంటే కెనడా గుర్రపు పోలీసు దళంలో చేరాడు. మరుసటి ఏడు, ఆదివాసులకు సారా అమ్మే అమెరికా వర్తకుల పని పట్టడానికి పడమటికి కదిలారు. హూప్-అప్ అనే వాళ్ల కోట ముందు ఫిరంగులు నిలబెట్టి, తనే వెళ్లి తలుపు తట్టాడు. సారా చుక్క లేదు. లోపలున్న ముసలాయన భోజనానికి రమ్మన్నాడు! మా సోదాలూ చాలావరకు ఇలాగే ఉండేవి.

నన్ను కదిలించింది మాత్రం జీతాల సంగతి. నెలల తరబడి జీతం రాక కొందరు పారిపోయారు. 1875 మార్చిలో మెక్లౌడ్ గైడ్ జెర్రీ పాట్స్‌నీ, కొద్దిమందినీ తీసుకుని, జీతాల డబ్బు కోసం గుర్రం మీద మోంటానాలోని హెలెనాకు వెళ్లాడు. దారిలో మంచు తుఫాను. మంచులోనే గుంత తవ్వుకుని తలదాచుకున్నారు. డీఏ అరియర్స్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాణ్ణి కదా, అక్కడ కాసేపు నిలబడిపోయాను.

1876లో కమిషనరయ్యాడు. బ్లాక్‌ఫుట్ అనే ఆదివాసీ తెగ నాయకుడు క్రోఫుట్ ఆయన్ని నమ్మాడు, 1877లో సర్కారుతో చేసుకున్న ఏడో ఒడంబడిక మీద గుర్తు పెట్టాడు. రెండేళ్లు తిరిగేసరికి అడవిదున్నలు లేవు, ఆ జనానికి తిండీ లేదు. మంచి అధికారి ఇచ్చిన మాటను సర్కారు ఎంతవరకు నిలబెడుతుందో నా సర్వీసులోనూ చూశాను.

కాల్గరీ పేరు పెట్టిందీ ఆయనేనట, స్కాట్లండ్‌లోని మల్ దీవిలో ఉన్న ఒక చోటు పేరు. చివర్లో జడ్జి అయ్యి, 1894లో పోయాడు.

"సమాధి ఎక్కడయ్యా?" అన్నాను తిరుగు దారిలో. అల్లుడు ఫోన్లో చూపించాడు. యూనియన్ సిమెట్రీ. కూరగాయలకు పోతూ రోజూ మేం దాటే గుట్టే.